కోర్టు మా కేసును మీడియేషన్‌కు పంపింది: ఇది కూడా పెద్దమనుషుల పంచాయితీ వంటిదేనా?

ప్రశ్న: మధురవాడ తల్లి

అందరికీ నమస్కారం. నేను మధురవాడలో పుట్టింటి వారి దగ్గర ఉంటూ ఒక ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. పెళ్లయి తొమ్మిదేళ్లు, మా పాపకు ఏడేళ్లు, నేను పాపను తీసుకొని వచ్చేసి పదహారు నెలలు. నా భర్త విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టులో విడాకులకు పిటిషన్ వేశారు. నాకూ పాపకూ భరణం ఇప్పించమని నేను అదే కోర్టులో పిటిషన్ వేశాను. మొన్నటి వాయిదాకు జడ్జి గారు మా ఇద్దరినీ ముందుకు పిలిచి, పాప ఏ తరగతి చదువుతోందని అడిగి, కాసేపు కాగితాలు తిరగేసి, కేసును మీడియేషన్‌కు పంపుతున్నామని చెప్పారు. వచ్చే నెల మొదటి వారంలో ఇద్దరమూ మీడియేటర్ ముందు హాజరు కావాలి.

ఆ మాట విన్నప్పటి నుండి మా నాన్నగారికి నిద్ర లేదు. దానికి కారణం ఉన్నది. రెండేళ్ల క్రితం మా అత్తగారి అన్నగారింట్లో పంచాయితీ పెట్టారు. హాలులో పదకొండు మంది పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చున్నారు, నన్ను వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టారు. మూడు గంటలు మాట్లాడుకున్నారు గాని నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏమ్మా, సర్దుకుపోతావా?" చివరకు వంద రూపాయల స్టాంపు కాగితం మీద, ఇకపై భార్యాభర్తలు అన్యోన్యంగా ఉండవలెనని రాసి అందరి చేతా సంతకాలు పెట్టించారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా నాన్నగారు ఆ కాగితాన్ని మడత విప్పి మళ్లీ మళ్లీ చదువుకున్నారు. నాలుగు నెలలు తిరగకుండానే పరిస్థితి మొదటికి వచ్చింది. ఇప్పుడు మీడియేషన్ అనేసరికి ఆయన "మళ్లీ అదేనా తల్లీ" అన్నారు. నాకు సమాధానం తెలియలేదు.

అక్కడ నేను చెప్పిన మాటలను రేపు కోర్టులో నా మీదకే తిప్పుతారా? ఒప్పుకోకపోతే జడ్జి గారికి నా మీద చెడు అభిప్రాయం కలుగుతుందా? మీడియేషన్ జరుగుతున్నన్నాళ్లూ నా భరణం పిటిషన్ పక్కన పడిపోతుందా? నాన్నగారిని వెంట తీసుకువెళ్లవచ్చా? ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు: విశాఖ న్యాయవాది

అమ్మా, నేను పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ కుటుంబ కేసులు చూస్తున్నాను, మీడియేటర్‌గా శిక్షణ కూడా పొందాను. మీ నాన్నగారి భయం అర్థం చేసుకోదగినది. మన పత్రికల్లో మీడియేషన్‌ను, ఆర్బిట్రేషన్‌ను కూడా మధ్యవర్తిత్వం అనే ఒకే మాటతో రాయడం వలన ఆ భయం మరింత పెరుగుతున్నది. ఆర్బిట్రేషన్‌లో మధ్యన కూర్చున్న వ్యక్తి తీర్పు చెబుతారు. పంచాయితీ పెద్దమనిషి కూడా తనకు లేని అధికారంతో అదే పని చేస్తారు. మీడియేటర్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు. తప్పు ఎవరిదో తేల్చే పని కూడా ఆయనకు అప్పగించలేదు. మీరిద్దరూ ఒప్పుకున్నదాన్ని మాత్రమే కాగితం మీద పెట్టగలరు. మీరు ఒప్పుకోని వాక్యం ఒక్కటి కూడా ఆ కాగితంలోకి రాదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, రాజీకి అవకాశం కనిపిస్తే ముందుగా దానికి ప్రయత్నించడం కోర్టు బాధ్యత. సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ కేసును మీడియేషన్‌కు పంపే అధికారాన్ని ఇస్తున్నది. పెళ్లి, భరణం, పిల్లల కస్టడీ తగాదాలు ఈ పద్ధతికి సాధారణంగా తగినవేనని 2010లో ఆఫ్కాన్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2013 ఫిబ్రవరిలో అదే కోర్టు మన ఉమ్మడి రాష్ట్రం నుండి వెళ్లిన ఒక జంట కేసులో తీర్పు చెబుతూ, ఇటువంటి వివాదాలను మొదట్లోనే మీడియేషన్‌కు పంపాలని కుటుంబ న్యాయస్థానాలకు సూచించింది. ఆ జంటకు 1999లో పెళ్లయింది; తీర్పు వచ్చేసరికి పద్నాలుగేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. కాబట్టి జడ్జి గారు మీ కేసును పంపడం మీలో లోపం చూసి చేసిన పని అని అనుకోవద్దు.

మీ మాటలు బయటకు వస్తాయా అన్నారు. రావు. రాజీ కుదిరితే ఒప్పంద పత్రాన్ని, కుదరకపోతే కుదరలేదన్న ఒక్క ముక్కను మాత్రమే మీడియేటర్ కోర్టుకు పంపాలని, ఎవరు ఏమన్నారో, ఎవరు ఎంత ఇస్తామన్నారో రాయకూడదని సుప్రీంకోర్టు 2010 డిసెంబరులో చెప్పింది. ఎవరి వలన కుదరలేదన్నది కూడా అందులో ఉండదు కనుక, మీరు ఒప్పుకోలేదని జడ్జి గారికి తెలిసే దారే లేదు. ఫోనులో రికార్డు చేయడానికి వీలు లేదు. మీరు చేయవద్దు, ఎదుటివారు చేస్తున్నారని అనుమానం వస్తే వెంటనే చెప్పండి. మీడియేటర్ మీతో విడిగా మాట్లాడినప్పుడు, ఫలానా మాట ఆయనకు చెప్పవద్దండీ అని మీరు కోరితే ఆ మాట ఆ గది దాటకూడదు.

భరణం విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మధ్యంతర భరణం, అంటే కేసు తేలేలోపు ఇచ్చే భరణం, దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు తేల్చాలని చట్టంలోనే ఉన్నది. మీడియేషన్ నడుస్తున్నదన్న కారణంతో దాన్ని పక్కన పెట్టనివ్వకండి. రెండూ సమాంతరంగా సాగేలా చూడమని మీ లాయరు గారితో కోర్టులో మెమో, అంటే చిన్న విన్నపపత్రం, వేయించండి. ఇంకొకటి, నా అనుభవంలో అన్నింటికన్నా ముఖ్యమైనది: భరణం కేసుల్లో ఇరుపక్షాలూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాలతో అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం, దాఖలు చేయాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ అఫిడవిట్లు ఫైలులోకి రాకముందే రూపాయల గురించి మాట్లాడటానికి కూర్చోవద్దు. ఎదుటివారి జీతం ఎంతో తెలియకుండా ఒప్పుకున్న అంకె ఇంటికి వెళ్లేలోపే తక్కువగా అనిపిస్తుంది, అక్కడి నుండి రాజీ బీటలు వారుతుంది.

పంచాయితీ స్టాంపు కాగితానికి భార్యాభర్తల బంధాన్ని తెంచే శక్తి లేదు. అటువంటి కాగితం మీద విడిపోయామని రాసుకొని రెండో పెళ్లి చేసుకొని చిక్కుల్లో పడ్డవారు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. ఆచారం ప్రకారం విడాకులు చెల్లుతాయని రుజువు చేయగలిగినవారికి మాత్రమే హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్నది. మీడియేషన్‌లో విడిపోవాలనే నిర్ణయానికి వచ్చినా విడాకులు ఇచ్చేది కోర్టే. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార పిటిషన్ వేసి, ఆరు నెలల తరువాత రెండోసారి హాజరై అంగీకారం చెప్పాలి. ఏడాదిన్నరకు మించి విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు ఫలించక, భరణం, పిల్లల విషయాలు తేల్చుకున్నవారికి ఆ ఆరు నెలల గడువును కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్‌కూ రెండో హాజరుకూ మధ్యన ఇద్దరిలో ఎవరైనా అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అందుకే డబ్బును ఒకేసారి కాకుండా కొంత మొదటి పిటిషన్ రోజున, మిగిలినది రెండో హాజరు రోజున జడ్జి గారి ఎదుట డిమాండ్ డ్రాఫ్టుగా ఇచ్చేలా రాయిస్తాము.

కోర్టు పంపిన మీడియేషన్‌కు మీరు ఫీజు కట్టనవసరం లేదు. మహిళ కావడం వలన ఆదాయంతో పని లేకుండా 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా న్యాయవాదిని కోరే హక్కు కూడా మీకు ఉన్నది. 15100 నంబరుకు ఫోను చేసినా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా వెళ్లినా వివరాలు చెబుతారు.

చివరగా ఒక మాట. కలిసి ఉండాలనుకుంటున్నారో, విడిపోవాలనుకుంటున్నారో మీరు రాసినదాంట్లో ఎక్కడా లేదు. మీడియేటర్ మిమ్మల్ని విడిగా కూర్చోబెట్టి మొదట అడిగేది అదే.

జవాబు: పెందుర్తి వాసి

సోదరీ, నేను అవతలి పక్షంలో కూర్చున్నవాడిని, అంటే భర్తను. మాకు ఒక బాబు, ఇప్పుడు ఎనిమిదేళ్లు. నాలుగు విడతల మీడియేషన్ తరువాత మేము రాజీతో విడిపోయాము. లాయరు గారు డబ్బు గురించి చెప్పారు, నేను పిల్లల గురించి చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే.

మా ఒప్పందంలో బంగారానికి ఒకటిన్నర పేజీ పట్టింది. నల్లపూసలు ఎన్ని గ్రాములు, చంద్రహారం ఎవరు పెట్టినది, బాబు బారసాలకు వచ్చిన ఉంగరాలు ఎవరికి చెందుతాయి అన్నవన్నీ తూకాలతో సహా రాయించాము. బాబు గురించి మాత్రం ఒకే వాక్యం: "ప్రతి ఆదివారం తండ్రి కుమారుని చూడవచ్చును." ఆ రోజు అందరికీ ఆకలి వేస్తున్నది, సంతకాలు పెట్టి బయటపడితే చాలుననిపించింది. నాది మూడు షిఫ్టుల ఉద్యోగం, వీక్ ఆఫ్ నెలనెలా మారుతుంది. శనివారం రాత్రి డ్యూటీ చేసి ఆదివారం ఉదయం నిద్ర కళ్లతో ద్వారకా బస్ స్టేషన్‌కు వెళ్లేవాడిని. అక్కడ అయితే ఇద్దరికీ మధ్యలో ఉంటుందని మాటల్లో అనుకున్నామే గాని కాగితంలో లేదు. పది గంటలకని నేను, పన్నెండింటికని ఆమె. ఒక ఆదివారం బాబు స్కూలు బ్యాగు భుజానికి తగిలించుకొని, మా ఇద్దరి మధ్యన నిలబడి, ఒకసారి నా ముఖం వంక, ఒకసారి వాళ్లమ్మ ముఖం వంక చూస్తూ, "నేను ఇక్కడే కూర్చుంటాను, మీరిద్దరూ వెళ్లండి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా గుండెలో ఉన్నది.

పిల్లల విషయంలో రాసుకున్నదాన్ని పరిస్థితులను బట్టి మార్చుకోవచ్చునని తెలిసి మేము మళ్లీ మీడియేటర్ దగ్గరకు వెళ్లాము. ఈసారి బాబు గురించి మూడు పేజీలు రాయించాము. నెల మొదట్లో నా డ్యూటీ చార్టు ఆమెకు పంపాలి, ఆ నెల వీక్ ఆఫ్‌లలో రెండు నావి. బాబును వాళ్ల అపార్టుమెంటు గేటు దగ్గర తొమ్మిదింటికి తీసుకొని సాయంత్రం ఆరింటికి అక్కడే దింపాలి. సంక్రాంతికి భోగి, పండుగ తల్లి దగ్గర, కనుమ నా దగ్గర. సింహాచలం చందనోత్సవం రోజున మా అమ్మ మనవడిని కొండకు తీసుకువెళ్లవచ్చు. జ్వరం వస్తే ఆ వారం కలవడం రద్దవుతుంది, దానికి బదులు మరుసటి వారం. రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్, పావుగంట. స్కూలు ఫీజు నేరుగా స్కూలు ఖాతాకు. ఇంత చిన్న విషయాలు కూడానా అని అప్పుడు మా పెద్దన్నయ్య నవ్వాడు గాని, ఆ కాగితం రాసుకున్న తరువాత మేము ఒక్కసారి కూడా గొడవపడలేదు.

మీ నాన్నగారి విషయంలో నా అభిప్రాయం, ఒక్కసారైనా ఆయనను లోపలికి తీసుకువెళ్లండి. మా మామగారిని బయటే కూర్చోబెట్టాము. లోపల మేము ఒప్పుకున్నదాన్ని ఆయన ఇంట్లో ఒప్పుకోలేదు, దానితో రెండు నెలలు వృథా అయ్యాయి.

జవాబు: గాజువాక నుండి ఒక సోదరి

పై ఇద్దరూ మంచి మాటలే చెప్పారు గాని ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. అమ్మా, ఆయన మీ మీద చేయి చేసుకున్నారా? ఇక్కడ అందరి ముందూ సమాధానం చెప్పనవసరం లేదు. అవును అయితే మాత్రం కింది నాలుగు మాటలు చదవండి.

నాకు మీడియేషన్ పడలేదు. ఎదురుగా ఆయన కూర్చొని, బల్ల మీద వేలితో నెమ్మదిగా కొడుతూ ఉండేవారు. ఇంట్లో కోపం వచ్చే ముందు ఆయన చేసే పని అది. గదిలో ఉన్న మిగిలిన ఎవరికీ దాని అర్థం తెలియదు, నాకు మాత్రం చేతులు చల్లబడిపోయేవి. ఏది అడిగినా సరేనన్నాను. పైగా మా మీడియేటర్, పిల్లల కోసం ఆడవారే కాస్త తగ్గాలమ్మా అన్నారు. అలా అనడం మీడియేటర్ పని కాదని నాకు అప్పట్లో తెలియదు. రెండో విడతకు వెళ్లే ముందు మా లాయరు గారికి బల్ల సంగతి చెబితే, ఆయనే మీడియేటర్‌తో మాట్లాడి ఇద్దరినీ వేర్వేరు గదుల్లో, వేర్వేరు సమయాల్లో కలిసేలా ఏర్పాటు చేయించారు. అప్పటికీ నాకు ధైర్యం చిక్కక, నేను కొనసాగించనని చెప్పి లేచి వచ్చేశాను. లేచి వచ్చే హక్కు మనకు ఎప్పుడూ ఉంటుంది, దానికి ఏ శిక్షా లేదు. నా కేసు తిరిగి కోర్టుకు వెళ్లింది, గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్నాను.

భయపడే మనిషి చేత పెట్టించిన సంతకాన్ని నేను రాజీ అనను. మీకు ఆ భయం లేకపోతే నిశ్చింతగా వెళ్లండి. ఉంటే, మొదటి రోజు కంటే ముందే మీ లాయరు ద్వారా మీడియేటర్‌కు తెలియజేయండి. అర్ధరాత్రి అవసరం పడితే 181 నంబరు గుర్తుంచుకోండి.

మధురవాడ తల్లి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. గాజువాక అక్కా, ఆయన ఎన్నడూ చేయి చేసుకోలేదు. మాట్లాడకుండా ఉండిపోయేవారు, ఒక్కోసారి వారాల తరబడి. దాన్ని ఏమనాలో పంచాయితీ పెద్దలకు నేను చెప్పలేకపోయాను.

లాయరు గారు అడిగిన ప్రశ్నతో నేను రెండు రోజులు గడిపాను. ఆ ఇంటికి తిరిగి వెళ్లాలని నాకు లేదు. కాని పాపకు వాళ్ల నాన్న కావాలి. నిన్న పాఠశాల నుండి వచ్చాక పాప పాత నోటుబుక్కులో మిగిలిన పేజీల మీద రాయడం మొదలుపెట్టాను. పెందుర్తి సోదరుడు చెప్పినట్లు బంగారం ఒక పేజీకి కుదించి, మిగిలినదంతా పాప గురించే రాస్తున్నాను. కరాటే క్లాసు మానకూడదన్నది పాప స్వయంగా చెప్పి రాయించింది. నా డిగ్రీ, బీఎడ్ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్లింటి బీరువాలో ఉండిపోయాయి, అవి అడగవచ్చా? నాన్నగారి సంగతి కూడా ఇంకా తేల్చుకోలేదు.

విశాఖ న్యాయవాది

తప్పకుండా అడగండి. మొదటి విడతలోనే అడగండి. డబ్బు సంగతులకు ముందు ఇటువంటి చిన్న వస్తువు ఒకటి చేతికి వస్తే ఇద్దరికీ మాట్లాడుకోవడం తేలికవుతుందని నేను ఎన్నోసార్లు చూశాను. ఏ రోజున, ఎవరి చేతుల మీదుగా ఇస్తారో, ఏయే సర్టిఫికెట్లో, వాటి నంబర్లతో సహా రాయించండి. మీ పాప భరణం విషయంలో ఒకటి గమనించాలి: మీ వాటా మీరు తగ్గించుకోవచ్చు గాని, పాపకు రావలసినదాన్ని వదులుకున్నట్లు ఏ వాక్యం కనిపించినా కొట్టివేయించండి. అది పాప హక్కు, మీరు సంతకం పెట్టినంత మాత్రాన పోయేది కాదు గాని, ముందు ముందు తగాదాకు మూలమవుతుంది.

నాన్నగారి విషయంలో పెందుర్తి వారితో నేను కొంత విభేదిస్తాను. మొదటి రోజే ఆయన లోపల ఉంటే అవతలి పక్షం నుండి కూడా ఇద్దరు పెద్దలు వస్తారు, మళ్లీ అదే హాలు, అవే కుర్చీలు అవుతాయి. మొదటి రెండు విడతలు మీరిద్దరే కూర్చోండి. ముసాయిదా తయారయ్యాక, సంతకానికి ముందు దాన్ని ఇంటికి తెచ్చుకుంటామని మీడియేటర్‌ను అడగండి, అడిగితే ఇస్తారు. ఆ కాగితాన్ని మీ నాన్నగారి చేతికి ఇచ్చి, ఆయనకు అర్థం కాని వాక్యాల కింద పెన్సిలుతో గీత పెట్టమనండి. తరువాతి విడతకు ఆయనను లోపలికి తీసుకువెళ్లి, ఆ గీతలు ఉన్నచోట మీడియేటర్ చేతనే వివరింపజేయండి.

మధురవాడ తల్లి

అలాగే చేస్తానండీ. నాన్నగారికి మీ జవాబు చదివి వినిపించాను. పెన్సిలు ఎక్కడుందో వెతుకుతున్నారు.